ఊరి ముచ్చట్లతో నాటకం: ఆడే ముందు జాగ్రత్తలు

అనుమతి రెండుసార్లు అడగండి: ముచ్చట రికార్డు చేసేటప్పుడు ఒకసారి, అది సీనుగా మారాక చెప్పినవాళ్లకు ఆడి చూపించి మరోసారి. మొదట సరేనన్నవాళ్లే తర్వాత వద్దనొచ్చు. వద్దంటే తీసేయాల్సిందే, బతిమాలొద్దు.

పేరు మారిస్తే సరిపోదు. పాలమూరు వలస కథలో కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, పోయిన పట్నం, ఉండే వాడ, మూడూ వినిపిస్తే ఎవరి కథో ఊరంతా గుర్తుపడుతుంది. ఇద్దరు ముగ్గురి ముచ్చట్లు కలిపి ఒక పాత్ర చేయండి. కోర్టులో నడుస్తున్న భూమి తగాదాల జోలికి అసలే పోవద్దు.

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంగిపోయే జబ్బు) కథలైతే వంకర కాళ్ల నడకను అనుకరించొద్దు. పిల్లలు నవ్వితే నాటకం అక్కడే పోయినట్టు. బోరింగు, బిందె, మాట చాలు.

ఏడుస్తూ చెప్పినవాళ్లకు అదే వేషం ఇవ్వకండి.

నాట్లు, పత్తి ఏరుడు రోజుల్లో తేదీ పెడితే రిహార్సల్‌కే మనుషులు దొరకరు.

మైకుకు పోలీసు అనుమతి రాతలో తీసుకోండి. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ నడవదు. 7:30కు మొదలుపెట్టి 45 నిమిషాల్లో ముగిస్తే జనం మాట్లాడటానికి సమయం ఉంటుంది. అసలు విషయాలు అప్పుడే బయటపడతాయి. కరెంటు పోతే చార్జింగ్ లైట్లు రెండు దగ్గరుంచుకోండి.