ఎస్‌క్యూఎల్ రెండో లైన్ నుంచి మొదలుపెట్టండి

ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌తో మాట్లాడే భాష, అందులో రాసే ప్రశ్న క్వెరీ. నా దగ్గర అది నేర్చుకునే పిల్లలకి మొదటి రోజే చెప్తాను: క్వెరీని పై లైన్ నుంచి రాయొద్దు, చదవొద్దు.

1974లో ఐబీఎంలో ఛాంబర్లిన్, బాయిస్ ఈ భాషని సీక్వెల్ అనే పేరుతో బయటపెట్టారు. ఇంగ్లిష్ వాక్యంలా చదువుకోగలగాలని వాళ్ల ఉద్దేశం. ఇంగ్లిష్‌లో ఆజ్ఞ క్రియతో మొదలవుతుంది కాబట్టి ఎంచి ఇవ్వమనే సెలెక్ట్ ముందొచ్చి కూర్చుంది. మనమేమో "బిల్లుల్లోంచి, మార్చివి, డబ్బు కట్టనివాళ్ల పేర్లు ఇవ్వు" అంటాం. తమాషా ఏమిటంటే క్వెరీకి అర్థం తీసే వరస కూడా మనదే: ఫ్రమ్ (ఏ టేబుల్ నుంచి), వేర్ (ఏ వరసలు), గ్రూప్ బై (ఎలా గుంపులు చేయాలి), హావింగ్ (ఏ గుంపులు), అప్పుడు సెలెక్ట్ (ఏ కాలమ్‌లు), చివర ఆర్డర్ బై (ఏ క్రమంలో). సెలెక్ట్‌లో పెట్టిన కొత్త పేరుని వేర్‌లో వాడితే చాలా డేటాబేస్‌లు ఎర్రర్ ఇచ్చేది అందుకే. వేర్ దగ్గరికి ఆ పేరు ఇంకా పుట్టలేదు.

కాబట్టి సెలెక్ట్ పక్కన స్టార్ (*, అంటే అన్ని కాలమ్‌లూ) పెట్టి వదిలేయండి. ముందు ఫ్రమ్ రాయండి. టేబుల్ పేరు తెలిస్తేనే ఎడిటర్ మీకు సరైన కాలమ్ పేర్లు అందించగలదు. తర్వాత వేర్. ఆఖర్న పైకెళ్లి స్టార్ తీసి కాలమ్‌లు రాయండి. డక్‌డీబీ అనే డేటాబేస్ వాడేవాళ్లకి ఈ తిప్పలు లేవు, నేరుగా ఫ్రమ్‌తోనే మొదలుపెట్టొచ్చు. క్వెరీలో క్వెరీ వస్తే లోపలిదానికి విత్‌తో ఒక పేరు పెట్టి, పైన విడిగా రాయండి.

డిలీట్ దగ్గర మాత్రం కాస్త భయం ఉండాలి. తెలుగులో "క్యాన్సిల్ అయిన బిల్లులు తీసెయ్యి" అంటాం. తీసెయ్యి అనేలోపే ఏవి తీయాలో చెప్పేశాం. ఎస్‌క్యూఎల్‌లో తీసెయ్యి ముందు, ఏవో తర్వాత. పైగా వేర్ లేకపోయినా దానికది పూర్తి వాక్యమే! నా మొదటి ఉద్యోగంలో మౌస్‌తో రెండు లైన్లు సెలెక్ట్ చేశాననుకుని రన్ కొట్టాను. మౌస్‌కి చిక్కింది మొదటి లైనే, అంటే వేర్ లేని డిలీట్. టేబుల్ ఖాళీ. బ్యాకప్ ముందురోజు రాత్రిది. ఆ రోజు బిల్లులన్నీ నేనూ అకౌంట్స్ మేడమ్ కాగితాలు చూసి రాత్రి 11 దాకా మళ్లీ ఎక్కించాం. ఆవిడ ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ముందు సెలెక్ట్ స్టార్‌తోనే రాసి నడుపుతాను. 14 వరసలు రావాల్సిన చోట 14,000 వస్తే అక్కడే తెలిసిపోతుంది. లెక్క సరిపోయాక ట్రాన్సాక్షన్ (ఖాయం చేసేదాకా వెనక్కి తీసుకోగల పని) మొదలుపెట్టి, సెలెక్ట్ స్టార్ ఉన్నచోట డిలీట్ అని మారుస్తాను. అదే 14 పోతే కమిట్ కొట్టి ఖాయం చేస్తాను, లేదంటే రోల్‌బ్యాక్‌తో వెనక్కి తెస్తాను. చిన్న డిలీట్ అయితే వేర్‌తో సహా మొత్తం ఒకే లైన్‌లో రాస్తాను, మౌస్ మళ్లీ మోసం చెయ్యకుండా.