ఫామ్‌లో ఎర్రర్ మెసేజ్ అర్థమయ్యేలా చూపించడం ఎలా?

ఫామ్ నింపి సబ్మిట్ నొక్కగానే పైన ఎక్కడో ఎర్రగా ‘ఇన్‌వ్యాలిడ్ ఇన్‌పుట్’ అని పడిందనుకోండి, నింపినవాళ్లకి ఏం అర్థమవుతుంది? ఏ ఫీల్డ్‌లో తప్పుంది, ఏం మారిస్తే సరిపోతుంది, ఈ రెండూ చెప్పకపోతే అది మెసేజే కాదు.

బ్యాంక్ వివరాల ఫామ్ తీసుకుందాం. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌కి 11 అక్షరాలు: మొదటి నాలుగు బ్యాంకువి, చివరి ఆరు బ్రాంచివి, మధ్యలో ఐదోది ఎప్పుడూ సున్నానే. అక్కడ ఇంగ్లిష్ ‘ఓ’ కొట్టేయడం చాలా తేలిక. అందుకే ‘కోడ్ తప్పు’ అని ఊరుకోకుండా ‘ఐదో స్థానంలో సున్నా ఉండాలి, ఓ అక్షరం పడింది’ అని రాయండి. స్పేసులు, చిన్న అక్షరాల్లాంటివాటికి అసలు మెసేజే వద్దు, మనమే సరిచేసుకోవాలి. మొబైల్ నంబర్ ముందు ప్లస్ 91 పెట్టారని ఆపేసే ఫామ్‌లంటే నాకు నిజంగా కోపం.

ఇక తయారీ. బ్రౌజర్ తనంతట తను చూపించే ఎర్రర్ బుడగని సీఎస్ఎస్‌తో (పేజీ రూపాన్ని దిద్దే కోడ్‌తో) మనకి కావలసినట్టు మార్చలేం, కాసేపటికి మాయమైపోతుంది కూడా, కాబట్టి ఆ బుడగ రాకుండా ఆపే నోవ్యాలిడేట్‌ని ఫామ్ ట్యాగ్‌కి పెట్టండి. ఇన్‌పుట్‌లకి పెట్టిన రిక్వైర్డ్ (తప్పక నింపాలి), ప్యాటర్న్ (ఈ ఆకారంలోనే ఉండాలి) మాత్రం తీసేయకండి, జావాస్క్రిప్ట్‌లో మనం పిలిచే చెక్‌వ్యాలిడిటీ వాటిని చూసే తప్పు పట్టుకుంటుంది. ప్రతి ఇన్‌పుట్ కింద ఒక ఖాళీ పేరా పెట్టి దాని ఐడీని ఇన్‌పుట్‌లోని ఏరియా-డిస్క్రైబ్డ్‌బైకి ఇవ్వండి, తప్పు దొరికినప్పుడు ఆ పేరాలో మెసేజ్ రాసి, ఇన్‌పుట్‌లో ఏరియా-ఇన్‌వ్యాలిడ్‌ని ట్రూ చేయండి. అప్పుడు చూపులేనివాళ్లకి స్క్రీన్ రీడర్ ఆ మెసేజ్ చదివి వినిపిస్తుంది. ఎర్ర బోర్డర్ కూడా సీఎస్ఎస్‌లో ఆ ఏరియా-ఇన్‌వ్యాలిడ్ యాట్రిబ్యూట్ మీదే రాస్తే వేరే క్లాసు అక్కర్లేదు.

రంగొక్కటే చాలదు, పక్కన గుర్తో మాటో ఉండాలి. తెలుపు మీద పూర్తి ఎరుపు కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగు తేడా) 4:1 దగ్గరే ఆగిపోతుంది, మామూలు సైజు అక్షరాలకి వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల ప్రకారం కావలసింది 4.5:1, కాబట్టి ముదురు ఎరుపు వాడండి. మెసేజ్ తెలుగులో ఉంటే లైన్-హైట్ కాస్త పెంచండి, లేకపోతే ఒత్తులు కింది వరసకి తగులుతాయి. వాళ్లు టైప్ చేసింది మెసేజ్‌లో చూపిస్తుంటే రాసిందాన్ని కోడ్‌గా తీసుకునే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ జోలికి పోకుండా, ఉత్త మాటగానే చూపించే టెక్స్ట్‌కంటెంట్ వాడండి, లేదంటే వాళ్లు రాసిన కోడ్ మీ పేజీలో నడిచే ప్రమాదం ఉంది.

టైప్ చేస్తుండగానే తప్పు చూపించకండి, ఫీల్డ్ వదిలాక చూపించండి. ఒకసారి చూపించాక మాత్రం సరిదిద్దిన క్షణంలోనే తీసేయాలి. సబ్మిట్ అప్పుడు మొదటి తప్పు ఫీల్డ్‌కి ఫోకస్ పంపండి, అంటే కర్సర్ అక్కడికి వెళ్లాలి. సర్వర్‌లోనూ ఇవే చెక్‌లు ఉండాలి, అక్కడినుంచి తప్పు తిరిగొచ్చినా మెసేజ్ అదే చోట పడాలి, నింపినవన్నీ అలాగే ఉండాలి.