ఆదికారణం మీద వాదనకు కూర్చునే ముందు

విశాఖ బీచ్ రోడ్డు గట్టు మీద నలుగురు చేరి ‘జగత్తుకు మొదటి కారణం ఉండాలా?’ అని మొదలెడితే, పావుగంటలో అది ‘దేవుడున్నాడా, లేడా’ దగ్గరికి జారిపోతుంది. అలా జారకుండా ముందే కాగితం మీద ఒకటి తేల్చుకోండి: ‘మొదటి’ అంటే కాలంలోనా, ఆధారంలోనా?

తేడా తెలియాలంటే మన రైల్వే స్టేషన్ చాలు. హౌరా నుంచి చెన్నై వెళ్లే బండి ఇక్కడికొస్తే ఇంజన్ని రెండో చివర తగిలిస్తారు. అది తగిలేదాకా పెట్టెలు ఎన్నున్నా కదలవు. లాగే శక్తి ఏ పెట్టెకూ సొంతం కాదు. ఇది ఆధార వరుస. తాత, తండ్రి, కొడుకు వరుస వేరు: తాత పోయాక కూడా తండ్రికి కొడుకు పుడతాడు. 13వ శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ మొదలు తప్పదన్నది ఆధార వరుసకే. జగత్తుకు కాలంలో ఆరంభం ఉందని తర్కంతో రుజువు చేయలేమని కూడా ఆయనే అన్నాడు.

తర్వాత వాదాన్ని న్యాయ దర్శనం, అంటే మన ప్రాచీన తర్కశాస్త్రం, చెప్పే ఐదు అవయవాల్లో (మెట్లలో) రాయండి. ప్రతిజ్ఞ (రుజువు చేయాల్సిన మాట): భూమి మొదలైనవాటికి కర్త ఉన్నాడు. హేతువు: అవి కార్యాలు, అంటే ఒక కారణం వల్ల పుట్టినవి గనక. ఉదాహరణ: కార్యమైనదానికి కర్త ఉంటాడు, కుండకు లాగా. ఉపనయం (ఇక్కడికి అన్వయం): భూమీ అలాంటి కార్యమే. నిగమనం (ముగింపు): కాబట్టి దానికీ కర్త ఉన్నాడు.

ఉదాహరణను గట్టిగా తట్టి చూడాలి. మనం చూసిన కర్తలందరికీ, కుమ్మరితో సహా, శరీరం ఉంది. మరి కైలాసగిరి వాలు మీద ఎవరూ నాటకుండా మొలిచిన గడ్డికి అలాంటి కర్త ఏడీ? ‘కర్తకు శరీరం ఉండాలి’ లాగా హేతువు చాటున దాగిన షరతును తర్కంలో ఉపాధి అంటారు. ఆ గడ్డి కూడా ఇంకా తేలాల్సిన విషయంలో (పక్షంలో) భాగమే, దాన్ని వ్యతిరేక సాక్ష్యంగా తేకూడదని నైయాయికుల, అంటే న్యాయ దర్శనం వాళ్ల, జవాబు. ఇక్కడ కనీసం అరగంట ఆగండి, అసలు పోరు ఇదే.

‘ఉన్న ప్రతిదానికీ కారణం ఉంది’ అని రాస్తే, ఆ కారణానికి కారణమేదంటూ అనవస్థలో, అంటే అంతులేని వెనకడుగులో, పడతారు. ఇస్లామిక తత్వవేత్త అల్ గజాలీ అన్నది ‘పుట్టిన ప్రతిదానికీ’ అని. ఈశ్వరుడున్నాడని వాదించిన నైయాయికుడు ఉదయనుడిని శూన్యం నుంచి సృష్టికి సాక్షిగా పిలవకండి. న్యాయ, వైశేషిక దర్శనాల్లో పరమాణువులు నిత్యం, ఈశ్వరుడు నిమిత్త కారణం, అంటే మట్టితో కుండ చేసే కుమ్మరి లాంటివాడు. మహావిస్ఫోటాన్నీ (బిగ్ బ్యాంగ్) అతిగా వాడొద్దు. సుమారు 1380 కోట్ల ఏళ్ల కిందటి వేడి, సాంద్ర స్థితి గురించి అది చెబుతుంది, అంతకుముందు ఏమీ లేదని తేల్చదు.

1948లో బీబీసీ రేడియోలో క్రైస్తవ మతగురువు కోపుల్‌స్టన్‌తో వాదిస్తూ తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ అడిగింది చివరికి ఉంచండి: ప్రతి మనిషికీ తల్లి ఉన్నంత మాత్రాన మానవజాతికి తల్లి ఉంటుందా? ఇటుకలన్నీ ఎర్రవైతే గోడ ఎర్రదే. ఇటుకలు చిన్నవైతే గోడ చిన్నది కాదు. కారణం కావలసి రావడం రంగు లాంటిదా, కొలత లాంటిదా అన్నది ఆదికారణ పక్షమే చూపించాలి.