ప్యాంటు సైజును నమ్మకండి, టేపు పెట్టి కొలవండి

మా ఆవిడ బట్టలు కుట్టే టేపు తెచ్చి నా పొట్ట చుట్టూ వేసేదాకా నా నడుం 34 అనే అనుకునేవాణ్ని. పదేళ్లుగా కొంటున్న ప్యాంటు సైజు అదే మరి. టేపు మీద 39 పడింది. పొట్ట పెరిగేకొద్దీ బెల్టు కిందికి జారుతూ వచ్చి, ప్యాంటు పొట్ట కింద నిలబడుతోంది, అంతే సంగతి. లుంగీ కట్టేవాళ్లకైతే ఆ మాత్రం అనుమానం కూడా రాదు, అది ఎంత పొట్టకైనా సరిపోతుంది.

అందుకని మొదట టేపు తియ్యండి. పొద్దున్నే ఏమీ తినకముందు చొక్కా తీసేసి, చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యలో చుట్టి, పొట్ట లోపలికి లాక్కోకుండా మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు (35.4 అంగుళాలు), ఆడవాళ్లకి 80 (31.5 అంగుళాలు) హద్దు. తర్వాత బీఎంఐ, అంటే కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించడం. 165 సెంటీమీటర్ల మనిషి 74 కిలోలుంటే 27 వస్తుంది. ఇంటర్నెట్‌లో 30 దాటితేనే ఊబకాయం అని కనిపిస్తుంది గానీ, మనవాళ్లకి తక్కువ బరువులోనే షుగరు, బీపీ పట్టుకుంటాయి కాబట్టి మనకి 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క.

ఇదంతా ఎక్కణ్నుంచి వచ్చిందంటారా? మా తాత మూడు పూటలా అన్నమే తిన్నాడు, అదీ నేను తినేదానికి రెట్టింపు, ఆయన పొట్ట మాత్రం వీపుకి అంటుకునే ఉండేది. సార్వాకీ దాళ్వాకీ, అంటే ఏడాదికి రెండు వరి పంటలకీ, గట్లు చెక్కడం, పార పట్టుకుని నీళ్లు కట్టడం, మోపులు మొయ్యడం, అన్నీ ఒంటితోనే. ఇప్పుడు దమ్ము ట్రాక్టరు చేస్తోంది, కోత మిషను కోస్తోంది, మనం కాలువ గట్టు మీద బండి ఆపి ఫోన్లో మాట్లాడుతూ చేను చూసి వచ్చేస్తున్నాం. పని పోయింది, కంచం మాత్రం తాతల నాటిదే. దాని మీద సాయంత్రం పకోడీ, రోజుకి నాలుగు టీలు. టీకి రెండు చెంచాల చొప్పున పంచదారే 35 గ్రాముల దాకా పోతుంది, 25 గ్రాముల్లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

అలాగని లావుగా ఉన్నవాళ్లందరినీ తిండిపోతులనకండి. వంశం నుంచి వచ్చేది చాలా ఉంటుంది. థైరాయిడ్ హార్మోను తగ్గినా, ఆడవాళ్లకి పీసీఓడీ అనే అండాశయాల సమస్య ఉన్నా, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడుతున్నా, నిద్ర చాలకపోయినా బరువు పెరుగుతుంది. మందు వల్లే అని అనుమానం వస్తే డాక్టర్ని అడగండి, మీ అంతట మీరు ఆపెయ్యకండి.

ఇక కంచం దగ్గరికి వద్దాం, అసలు కథంతా అక్కడే. ఒక ఆదివారం నేను తినబోయే అన్నం కాటా మీద పెట్టి చూశాను. పప్పులోకి ఒకసారి, పులుసులోకి ఒకసారి, పెరుగులోకి ఒకసారి, మారు వడ్డనతో కలిపి 480 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాములకి సుమారు 130 కేలరీలు, అంటే పప్పూ నెయ్యీ లెక్కలోకి రాకుండానే 620. మనం తినే పద్ధతిలోనే కిటుకుంది: ప్రతి కూరకీ కొత్తగా అన్నం పెట్టుకుంటాం, ఎంత తిన్నామో గుర్తుండదు. నేను చేసిందేమిటంటే, మొత్తం అన్నం ముందే ఒక్కసారి పెట్టేసుకుని, కంచంలోనే మూడు వాటాలు చేసి, గిన్నె వంటింట్లోకి పంపెయ్యడం. 480 నుంచి 250కి రావడానికి ఆరు వారాలు పట్టింది, వారానికి ఒక గరిటె చొప్పున తగ్గించాను. ఖాళీ అయిన చోట బీరకాయో, ఆనపకాయో, తోటకూర పప్పో, చేప ముక్కలో ఎక్కువ పెట్టుకున్నాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెప్పేదీ అదే, తృణధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటకూడదని. దంపుడు బియ్యం మంచివే, పీచు ఉంటుంది, కానీ కేలరీలు దాదాపు అంతే, కాబట్టి దంపుడు కదా అని గుట్టగా పెట్టుకుంటే లాభం లేదు.

నూనెకి ఒక చిట్కా. ప్యాకెట్ విప్పిన రోజు తారీఖు పెన్నుతో దాని మీదే రాయండి. మనిషికి రోజుకి 25 గ్రాములనుకుంటే నలుగురున్న ఇంట్లో లీటరు తొమ్మిది రోజులు రావాలి. మా ఇంట్లో అయిదో రోజుకే అయిపోయేది. ఏ నూనైనా గ్రాముకి 9 కేలరీలే, ఖరీదైనదని తగ్గదు.

ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా మానెయ్యమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. డబ్బా ఇంట్లో ఉంచుకోకండి చాలు. వచ్చిన రోజే ఒకటి తిని, మిగతావి పక్కింటికి పంపెయ్యండి, మర్యాదా దక్కుతుంది.

నడకకి వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకి అరగంట, అయిదు రోజులు. మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనంత వేగంగా నడవాలి. తెల్లవారుజామున కాలువ గట్టు బాగుంటుంది, చేతిలో కర్ర ఉంటే కుక్కల టెన్షన్ కూడా ఉండదు. నడకొక్కటే అయితే బరువు పెద్దగా తగ్గదని ముందే తెలుసుకోండి. దాంతోపాటు వారానికి రెండు రోజులు బరువులెత్తడమో, గుంజీళ్లు తియ్యడమో చేస్తే కండ కరగకుండా ఉంటుంది.

బరువు తగ్గిస్తామనే డబ్బా పొడుల జోలికి వెళ్లకండి. పొద్దున పూట టిఫినుకి బదులు షేకు తాగమన్న ఒక సెంటరుకి నేనూ డబ్బు కట్టాను, మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గి, ఆపేశాక ఎనిమిది పెరిగాను. బరువు తగ్గితే ఒళ్లు ఆకలి పెంచి పోయింది వెనక్కి రాబట్టుకోవాలని చూస్తుంది, అందుకే జీవితాంతం చెయ్యలేనిది మొదలుపెట్టకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్తే థైరాయిడ్, షుగరు, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు అడుగుతారు. ఉన్న బరువులో అయిదు నుంచి పది శాతం తగ్గినా షుగరు, బీపీ బాగా అదుపులోకి వస్తాయి, 74 కిలోల మనిషికి అది నాలుగైదు కిలోలతో మొదలు. బరువు తగ్గడానికి ఇచ్చే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు నిజంగానే పనిచేస్తాయి, ఆకలిని తగ్గిస్తాయి, కానీ వాంతులు, మలబద్ధకం రావచ్చు, ఆపేస్తే పోయిన బరువులో చాలాభాగం తిరిగొస్తుంది. క్లోమం వాపు వచ్చినవాళ్లు ముందే ఆ సంగతి చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందు కాదది. బీఎంఐ 35 దాటినవాళ్లకి, అంతకంటే తక్కువున్నా షుగరు లొంగనివాళ్లకి బరువు తగ్గించే ఆపరేషన్ కూడా దారే, తర్వాత విటమిన్లు మాత్రం జీవితాంతం మింగాలి.

నా టేపు పోయిన దసరాకి 36 దగ్గరికి వచ్చింది. సంక్రాంతికి అత్తారింటికెళ్లి నాలుగు రోజులుండి వచ్చాక 37. ప్రతి నెలా ఒకటో తారీఖున క్యాలెండరు మీదే రాస్తోంది మా ఆవిడ, వంటింటి తలుపు పక్కన, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ కనబడేలా.