జైసల్మేర్ ఎడారి పార్కులో ఫొటోలకు అనుమతి: పాలమూరు, నల్లగొండ వాళ్లు దరఖాస్తు చేసుకునే విధానం

రాజస్థాన్‌లోని జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఉంది ఎడారి జాతీయ పార్కు. సమ్ ఇసుక దిబ్బల మీద ఒంటె ఎక్కి ఫొటో దిగడానికి దరఖాస్తు అక్కర్లేదు. అనుమతి కావాల్సింది సుదాసరి లాంటి కంచె వేసిన గడ్డి భూములకు. దిబ్బలు ఈ పార్కులో కొంత భాగమే. మిగతాది రాతి నేల, సేవణ్ గడ్డి. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) బతికేది ఆ గడ్డిలోనే.

ఈ పిట్ట మనకు కొత్తది కాదు. కృష్ణకు అవతల నంద్యాల జిల్లా రోళ్లపాడులో దీనికోసమే 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఇప్పుడు ఎక్కువగా మిగిలింది జైసల్మేర్ జిల్లాలోనే. అందుకే కాగితాల పని కాస్త ఓపిగ్గా చేసుకోవాలి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద పర్యటన, ఫొటోగ్రఫీ, అధ్యయనం వంటి పనులకు ప్రవేశ అనుమతి ఇస్తారు. మామూలు సందర్శకులు జైసల్మేర్ పట్టణంలో పార్కు వ్యవహారాలు చూసే డిప్యూటీ కన్జర్వేటర్ ఆఫ్ ఫారెస్ట్స్ కార్యాలయంలో అడగాలి. డాక్యుమెంటరీ, సినిమా, పరిశోధన అయితే జైపూర్‌లోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు చాలా ముందే రాయాలి. మన మీసేవలో ఈ పని జరగదు, అక్కడికి వెళ్లి టైమ్ వేస్ట్ చేసుకోకండి.

దరఖాస్తు తెల్లకాగితం మీద హిందీలో గానీ ఇంగ్లిష్‌లో గానీ రాయండి. ఎంతమంది వస్తున్నారు, అందరి పేర్లు, చిరునామాలు, ఏ తేదీన ఏ కంచెలోకి వెళ్తారు, జీపు నంబర్, డ్రైవర్ పేరు, కెమెరా, లెన్స్ వివరాలు ఉండాలి. ఫొటోలు మీ సొంతానికా, అమ్మకానికా అన్నది దాచకుండా రాయండి. అందరి ఆధార్ జిరాక్సులు జతచేసి, ఒరిజినల్స్ వెంట ఉంచుకోండి. జీపు జైసల్మేర్‌లోనే మాట్లాడుకుంటారు కాబట్టి ఆ నంబర్ చివర్లో నింపుకునేలా ఖాళీ వదిలితే చాలు. ఫీజు కట్టాక రసీదు తప్పకుండా తీసుకోండి, గేటు దగ్గర చూపించాలి.

రాజస్థాన్ ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు రెండూ సెలవే. శుక్రవారం సాయంత్రం దిగితే సోమవారం దాకా ఆగాల్సిందే. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి రైలుంది. అక్కడి నుంచి జైసల్మేర్ ఇంకో రాత్రి ప్రయాణం దూరం. సోమవారమో మంగళవారమో పొద్దున చేరేలా టికెట్ చేసుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మన చలికి సరిపోయే స్వెట్టర్ అక్కడి రాత్రులకు చాలదు.

సరిహద్దు వైపు నోటిఫై చేసిన (బయటివాళ్ల రాకపోకలపై ఆంక్షలున్న) ఊళ్లకు వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ఒక్కటే సరిపోదు. జైసల్మేర్ కలెక్టర్ కార్యాలయం నుంచి వేరే అనుమతి తీసుకోవాలి. మీ దారి అటు పోతుందా అని ముందే అడగండి. డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. పక్కనే పాకిస్తాన్ సరిహద్దు, పైగా పక్షులుండే చోటు.

లోపలికి వెళ్లాక షరతులను తేలిగ్గా తీసుకోవద్దు. బట్టమేక సాధారణంగా ఒకేఒక్క గుడ్డు పెడుతుంది, అదీ గూడు లేకుండా ఉత్త నేల మీద. జీపు దారి తప్పి గడ్డిలోకి దిగితే ఆ గుడ్డు చక్రం కింద పడొచ్చు. పక్షి కనబడగానే డ్రైవర్‌ను 'ఇంకొంచెం దగ్గరికి పోనీయన్నా' అని తొందరపెట్టకండి. అది లేచి ఎగిరితే ఇంకో ప్రమాదం. దాదాపు పదిహేను కిలోల దాకా తూగే బరువైన పక్షి, ఎదుటివైపు చూపు తక్కువ. కరెంటు తీగను చూసి ఒడుపుగా పక్కకు తప్పుకోలేదు, తగిలి చస్తుంది. పెద్ద లెన్స్ లేకపోతే బైనాక్యులర్‌తో చూసి తృప్తిపడండి. గుడ్డు, పిల్ల ఫొటోలు అసలే వద్దు. పిట్ట కనిపించిన చోటు లొకేషన్ కూడా ఎవరికీ పంపకండి.

ఒక పూట మిగిలితే జైసల్మేర్‌కు 17 కిలోమీటర్ల దూరంలో, బాడ్‌మేర్ రోడ్డులో ఉన్న ఆకల్ చూసి రండి. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మొద్దులు రాళ్లయిపోయి ఉంటాయి అక్కడ. దానికి టికెట్ గేటు దగ్గరే తీసుకోవాలి. రాతి ముక్క ఒక్కటి కూడా జేబులో వేసుకోకూడదు.