మొక్కలు లెక్కపెట్టాకే యూరియా సంచి విప్పండి

నేను మొక్కజొన్న వేయడం మొదలుపెట్టిన రెండో ఏడు మా మామయ్య మాట విని 45 సెంటీమీటర్ల సాళ్లలో 20 సెంటీమీటర్లకో గింజ వేశాను. "విత్తనం దగ్గర పిసినారితనం పనికిరాదమ్మా" అన్నారాయన. మోకాలెత్తు వచ్చేదాకా చేను చూస్తే కడుపు నిండిపోయేది. పూతకొచ్చాక లోపలికి వెళ్లి చూస్తే కాండాలు వేలు లావున ఉన్నాయి, కింది ఆకులు పండిపోయాయి. మగపూత పుప్పొడి రాల్చేస్తోంది కానీ చాలా మొక్కలకు కండె పీచు, అంటే ఆడపూత, ఇంకా బయటికే రాలేదు. ఆ తర్వాత ఒక గాలి వానకి పావు వంతు చేను పడుకుంది. కోత రోజు మూడు మొక్కలకు ఒకటి చొప్పున కండె లేని గొడ్డు మొక్కలే.

ఆ ఏడు యూరియా తక్కువేమీ వేయలేదు, అంతకు ముందు ఏడు వేసినంతే వేశాను. తప్పు అక్కడే జరిగింది. 60 × 20 దూరంలో ఎకరానికి సుమారు 33,700 మొక్కలు పడతాయి. 45 × 20 అయితే 45,000. యూరియాలో మొక్కకు పనికొచ్చేది నత్రజనే, అది ఎకరానికి 80 కిలోలు వేస్తే మొదటి లెక్కలో మొక్క వాటా 2.4 గ్రాములకు కాస్త తక్కువ, రెండో లెక్కలో 1.8 గ్రాములు. నీరు, వెలుతురు కూడా అలాగే పలచబడ్డాయి. అప్పటి నుంచి దూరం, యూరియా రెండూ ఒకే కాగితం మీద లెక్క వేసుకుంటున్నాను.

మరి ఎంత దూరం పెట్టాలి? నీటి వసతి ఉండి, నేల లోతుగా ఉండి, ఆకులు నిటారుగా నిలబడే హైబ్రిడ్ అయితే 60 × 20. వాన మీదే ఆధారపడ్డ చేను, పలచటి ఎర్ర నేల, లేదా ఆకులు వెడల్పుగా వాలే రకం అయితే 75 × 20 గానీ 60 × 25 గానీ. ఈ రెండింట్లోనూ ఎకరానికి 27,000 మొక్కలే వస్తాయి కానీ గుంటక తోలడానికి, మట్టి ఎగదోయడానికి నాకు 75 సుఖం. విత్తన సంచి మీద ఆ రకానికి రాసిన దూరం ఉంటే ముందు దాన్ని చూడండి.

కాగితం మీద మొక్కలు వేరు, చేలో మొక్కలు వేరు. కొన్ని గింజలు మొలవవు, కొన్ని పిట్టలు తినేస్తాయి, కొన్నిచోట్ల రెండేసి పడతాయి. అందుకే విత్తిన పన్నెండు రోజులకి తాడు పట్టుకుని చేలోకి వెళతాను. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు ఉంటే తాడు పొడవు 6.75 మీటర్లు, 75 ఉంటే 5.4 మీటర్లు. ఒక సాలు వెంట ఆ తాడు పరిస్తే అది సరిగ్గా ఎకరంలో వెయ్యో వంతు. తాడు వెంట 30 మొక్కలుంటే ఎకరానికి 30,000. గట్టు పక్కన మాత్రమే కొలవకండి, అక్కడి మొక్కలు ఎప్పుడూ అబద్ధం చెబుతాయి. చేనంతా తిరుగుతూ ఎనిమిది పది చోట్ల కొలిచి సగటు తీయండి. 60 × 20 లో విత్తితే తాడుకు 33 ఉండాలి, నాకు ఎప్పుడూ 29, 30 దాటలేదు. ఆ 30 నే నా అసలు లెక్క.

తాడు వేసినప్పుడే ఇంకోటి కూడా చూస్తాను. మొక్కలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా? పక్కవాటికి నాలుగాకులు వచ్చేసరికి రెండాకుల మీద ఉన్న మొక్క ఇక కోలుకోదు. నీడలో ఉండిపోతుంది, నీళ్లు ఎరువు తాగుతుంది, కండె మాత్రం ఇవ్వదు, ఒక రకంగా కలుపు మొక్కే. గింజలు ఒకే లోతులో, 4-5 సెంటీమీటర్లలో, పదును చూసి పడితే ఈ బాధ సగం తగ్గుతుంది. ఒకేచోట రెండు మొలిస్తే నేల తడిగా ఉన్నప్పుడే బలహీనమైనది పీకేయండి. జాలిపడి వదిలేస్తే రెండూ చెడతాయి. ఖాళీలున్న చోట పదిరోజుల తర్వాత మళ్లీ గింజ పెట్టడం నేను మానేశాను, ఆ గింజ ఎలాగూ నీడ మొక్కే అవుతుంది.

ఇప్పుడు నత్రజని. మట్టి పరీక్ష ఎంత చెబితే అంత. ఇక్కడ లెక్క కోసం ఎకరానికి 80 కిలోలు అనుకుందాం. దుక్కిలో 50 కిలోల డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉన్న ఎరువు) వేస్తే అందులో 18 శాతం, అంటే 9 కిలోల నత్రజని అప్పుడే వచ్చేసింది. మిగిలింది 71. యూరియాలో 46 శాతమే నత్రజని కాబట్టి 71 కిలోలకు 154 కిలోల యూరియా కావాలి. మూడు సమాన దఫాలు చేస్తే విత్తేటప్పుడు డీఏపీతో పాటు 38 కిలోలు, తర్వాత రెండుసార్లు 58 కిలోల చొప్పున. డీఏపీలో ఉన్న నత్రజనిని లెక్కలోంచి తీయడం మర్చిపోయేవాళ్లు చాలామంది, నేను కూడా మొదట్లో అంతే. ఒక సంగతి, గింజను అంటుకుని యూరియా పడితే మొలక మాడిపోతుంది. పక్కగా నాలుగు వేళ్ల దూరంలో, గింజ కంటే కాస్త లోతుగా పడాలి.

రెండో దఫా ఎప్పుడు? అందరూ 25-30 రోజులు అంటారు. చలికాలం పైరు, ఎండాకాలం పైరు ఒకేలా పెరగవు కాబట్టి నేను రోజులు చూడను, ఆకులు లెక్కపెడతాను. ఆకు మట్ట కాండాన్ని చుట్టుకుని, ఆకు విప్పారే చోట లేత రంగు పట్టీ కనపడితేనే దాన్ని పూర్తి ఆకు కింద లెక్క. అలాంటివి ఆరు వచ్చాయంటే సమయం వచ్చినట్టే. నమ్మకం కుదరకపోతే ఒక మొక్కను వేరుతో సహా పీకి, కాండాన్ని నిలువునా బ్లేడుతో చీల్చండి. కాండం మొదలు దగ్గర ఆకుల పొరల మధ్య తెల్లగా, బియ్యపు గింజ మొనలా ఒక చిన్న కొన ఉంటుంది. మొక్క మొత్తం పెరిగేది అక్కడి నుంచే. అప్పటిదాకా నేల లోపలున్న ఆ కొన ఆరో ఆకు దగ్గర నేల మట్టం దాటి పైకి వస్తుంది. కండెకు ఎన్ని గింజల వరసలు ఉండాలన్నది కూడా ఇంచుమించు ఈ రోజుల్లోనే ఖాయమవుతుంది. నేను మొదటిసారి చీల్చి చూసిన రోజు, ఇంత చిన్నదానికి ఆకలి వేస్తుందని తెలియక ఇన్నాళ్లూ వారం ఆలస్యం చేశానా అనిపించింది.

ఎనిమిదో ఆకు నుంచి మగపూత వచ్చేదాకా మొక్క నత్రజనిని గబగబా లాగేస్తుంది. పీచు వచ్చేసరికి తనకు కావలసిన దాంట్లో సగానికి పైనే లోపలికి తీసేసుకుంటుంది. మూడో దఫా మగపూత కనపడకముందే, మామూలుగా 50 రోజుల లోపు పడాలి. పీచు ఎండిన తర్వాత వేసే యూరియా చేనుకంటే మన మనశ్శాంతికే ఎక్కువ పనికొస్తుంది. ఇసుక నేలైతే మూడు దఫాలు నాలుగు చేయండి. అక్కడ ఒక పెద్ద వాన పడితే నత్రజని వేరు అందుకోలేని లోతుకి దిగిపోతుంది. నల్లరేగడిలో ఇంకో కష్టం, నీళ్లు నిలిస్తే నత్రజని గాలిగా మారి ఎగిరిపోతుంది. ముందు నీళ్లు బయటికి తీసి, నేల ఆరాకే ఎరువు గురించి ఆలోచించండి.

వేసే పద్ధతిలో నేను చేసిన తప్పు ఇంకోటుంది. ఒకసారి తడి నేల మీద యూరియా చల్లేసి, సాయంత్రం వాన పడుతుందిలే అని ఇంటికొచ్చేశాను. వాన రాలేదు, నాలుగు రోజులు ఎండ కాసింది. నేల మీద తేమకి కరిగిన యూరియా అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుందని తర్వాత తెలిసింది. చేను పచ్చబడలేదు, నాకు టెన్షన్ మాత్రం మిగిలింది. ఇప్పుడు సాలు పక్కన జానెడు దూరంలో సన్నటి గీత గీసి, అందులో పోసి, వెంటనే మట్టి కప్పిస్తాను. రెండో దఫాకి మట్టి ఎగదోసే పని కూడా కలిసొస్తుంది. పొద్దున్నే మంచు తడి మీద వేయకండి. యూరియా గింజలు మొక్క నడినెత్తిన ఆకుల సుడిలో పడితే ఆకులు కాలి తెల్లబడతాయి, చూసినవాళ్లు పురుగు అనుకుని మందు కొడతారు.

చేత్తో వేసేవాళ్లకి చేతి కొలత కుదరాలి. 60 సెంటీమీటర్ల సాళ్లలో ఎకరానికి మొత్తం సాళ్ల పొడవు 6,745 మీటర్లు. 58 కిలోలు సమంగా పడాలంటే 100 మీటర్లకు 860 గ్రాములు. మొదటి రోజు 860 గ్రాములు తూచి చేతికిచ్చి, 100 మీటర్లు నడిపించి చూస్తాను. అరవై మీటర్లకే డబ్బా ఖాళీ అయితే పిడికిలి బిగించమంటాను. రెండు మూడు సార్లు నడిస్తే చేతికి లెక్క వచ్చేస్తుంది.

చేను ఆకలిగా ఉందో లేదో కింది ఆకు చెబుతుంది. నత్రజని చాలకపోతే పసుపు ఆకు కొన దగ్గర మొదలై నడి ఈనె వెంట తిరగేసిన 'వి' లా లోపలికి పాకుతుంది. అంచులు మాడితే పొటాష్ సంగతి, లేత ఆకుల్లో తెల్లటి పట్టీలొస్తే జింక్ సంగతి, వాటికి యూరియా మందు కాదు. అయితే కింది ఆకు పండేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే నేను చేను మధ్యలో ఐదు సాళ్లు, పది మీటర్ల ముక్కకి మొదటి దఫాలోనే యూరియా ఒకటిన్నర రెట్లు వేసి నాలుగు పుల్లలు గుచ్చుతాను. మిగతా చేను ఆ ముక్క కంటే పాలిపోయి కనపడితే రెండో దఫా ఆపకూడదు. రెండూ ఒకే పచ్చగా ఉన్నాయంటే, ముఖ్యంగా ముందు పైరు పప్పుధాన్యమో పచ్చిరొట్టో అయితే, ఆ దఫాలో కొంత తగ్గించినా భయం లేదు.

కోతకి ముందు అదే తాడుతో మళ్లీ చేలోకి వెళ్లండి. ఈసారి మొక్కలు, కండెలు రెండూ లెక్కపెట్టండి. గొడ్డు మొక్కలు ఎక్కువుంటే వచ్చే ఏడు దూరం పెంచాలి, లేదా ఆకలి పుట్టిన దఫా ఏదో వెతకాలి. పది కండెలు ఒలిచి కొనలు కూడా చూడండి. ప్రతి కండె కొనదాకా గింజ నిండి, మొక్కకి రెండేసి కండెలు వేలాడుతుంటే అందరూ సంబరపడతారు. నేను మాత్రం ఇంకాసిని మొక్కలు పట్టేవేమో అనుకుంటాను. కొన దగ్గర వేలి గోరంత ఖాళీ ఉంటే ఆ దూరాన్నే పుస్తకంలో రాసుకుంటాను.