నేల పదే పదే కదిలే రోజుల కోసం: వానలు వెనక్కి తగ్గగానే ఇంట్లో చూసుకోవాల్సినవి

2024 డిసెంబర్ 4, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. హనుమకొండలో మా ఇంట్లో పొయ్యి మీద టీ మరుగుతోంది. ముందు స్టాండులోని స్టీలు గ్లాసులు టకటకమన్నాయి. తర్వాత బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. అంతే, మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా కిందికి పరుగు తీశాను. మా పోర్షన్ల వాళ్లందరూ అదే మెట్ల మీద ఉన్నారు, ఒకరి మీద ఒకరు పడుతూ. కింద నిలబడ్డాక గుర్తొచ్చింది, అమ్మ పైనే ఉంది. పొయ్యి వెలుగుతూనే ఉంది. అప్పటికే నేల ఎప్పుడో ఆగిపోయింది. ఆ కొన్ని సెకన్లలో నేను చేసినవన్నీ తప్పులే. అది ఇప్పటికీ నాకు బాధే. ఇది రాయడానికి కారణం కూడా అదే.

ఆ రోజు వచ్చింది 5.3 తీవ్రత భూకంపం. కేంద్రం ములుగు జిల్లాలో, దాదాపు 40 కిలోమీటర్ల లోతున. అటు హైదరాబాద్ దాకా, ఇటు విజయవాడ దాకా తెలిసింది. మనది గట్టి దక్కన్ నేల, ఇక్కడ భూకంపాలేంటి అని చాలామంది ఆశ్చర్యపోయారు గానీ, గోదావరి లోయ సంగతి వేరు. కోట్ల ఏళ్ల కిందట నేల చీలి కిందికి కుంగిన పట్టీ అది. మన సింగరేణి బొగ్గు దొరికేది ఆ కుంగిన పట్టీలోనే. ఆ పాత చీలికలు పూర్తిగా నిద్రపోలేదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర ఇంకా పెద్దదే వచ్చింది. అందుకే ఈ లోయను భూకంపాల మ్యాపులో జోన్ 3లో, అంటే ఓ మోస్తరు ప్రమాదం ఉన్న ప్రాంతాల్లో పెట్టారు.

ఒక్కసారి వచ్చి పోయేది ఒక రకం. రోజూ వచ్చేది ఇంకో రకం. ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నది ఆ రెండో రకం గురించే. ఒక పెద్ద భూకంపం, దాని వెనక క్రమంగా తగ్గుతూ వచ్చే ప్రకంపనలు కాకుండా, ఇదే పెద్దది అని చెప్పడానికి లేకుండా చిన్నచిన్నవి వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఒకే చోట వస్తుంటాయి. శాస్త్రవేత్తలు స్వార్మ్ అంటారు, మనం వరుస ప్రకంపనలు అనుకుందాం. ఇది మనకు దూరపు ముచ్చట కాదు. సూర్యాపేట జిల్లా చింతలపాలెం వైపు, పులిచింతల దగ్గర వరుసగా వస్తూ వచ్చి, 2020 జనవరి 26 తెల్లవారుజామున 4.6 తీవ్రతతో ఒకటి కుదిపింది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్ బోరబండ జనం భూమిలోంచి వచ్చే శబ్దాలకు రోడ్ల మీదికి వచ్చారు. మహారాష్ట్ర పాల్ఘర్ జిల్లాలో 2018 నవంబరులో మొదలైనవి నెలల తరబడి ఆగలేదు.

నెలలు గమనించారా? అక్టోబరు, నవంబరు, జనవరి. వానాకాలంలో నీళ్లు రాతి పగుళ్లలోకి దిగి, లోపల ఒత్తిడి మారి, ఇలాంటి చిన్న ప్రకంపనలు పుట్టొచ్చని పాల్ఘర్, బోరబండల విషయంలో శాస్త్రవేత్తలు చెప్పారు. ప్రతి భూకంపానికీ వానే కారణం అని కాదు. 40 కిలోమీటర్ల లోతున పుట్టిన ములుగుదానికి ఇది వర్తించదు. అయినా వానలకు తడిసిన గోడలు దసరా నాటికి ఎలాగూ ఒకసారి చూసుకోవాల్సిందే కాబట్టి, ఈ పని అప్పుడే పెట్టుకుంటే రెండూ కలిసొస్తాయి.

చిన్నవి వస్తే మంచిదేనా?

"చిన్నవి వచ్చిపోతే లోపలి జోరు తగ్గుతది, పెద్దది రాదు" అని ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. విన్నవాళ్లకు ధైర్యంగానే ఉంటుంది, కానీ లెక్క కుదరదు. తీవ్రత ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు. అంటే 5 తీవ్రత భూకంపం ఒక్కదానితో సమానం కావాలంటే 3 తీవ్రతవి సుమారు వెయ్యి రావాలి. పది పదిహేను చిన్నవాటితో లోపలి ఒత్తిడి తీరిపోదు.

అలాగని ప్రతి వరుసా పెద్దదానికి దారి తీస్తుందని కూడా కాదు. ఎక్కువ శాతం వాటంతటవే చల్లబడతాయి. కానీ మహారాష్ట్ర లాతూర్ జిల్లా కిల్లారిని మరిచిపోకూడదు. 1992లో అక్కడ చిన్న ప్రకంపనలు వచ్చాయి. జనం భయపడ్డారు, తర్వాత అలవాటు పడ్డారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండగా 6.2 వచ్చింది. దాదాపు పదివేల మంది పోయారు. ఎక్కువమందిని చంపినవి వాళ్ల సొంత ఇళ్లే: మట్టితో పేర్చిన లావాటి రాతి గోడలు, వాటిమీద మందపాటి మట్టి కప్పు.

నాకు భయం ఎక్కడంటే, మొదటి రోజున కాదు. మొదటి రోజు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఇరవయ్యో రోజున "ఆ, రోజూ వచ్చేదే" అని తిరిగి పడుకుంటాం చూడండి, అక్కడ. ఆ ఇరవయ్యో రోజున మనం బద్ధకించినా ఇల్లు మనల్ని కాపాడేలా ఉండాలి. కాబట్టి పనంతా నేల నిమ్మళంగా ఉన్నప్పుడే జరగాలి.

ముందు ఇల్లు

ములుగు దాటాక మా నాయినమ్మ ఇల్లు ఉంది. మట్టి గోడలు, టేకు దూలాలు, పైన పెంకులు. "ఏమైతదిరా, మీ తాత కట్టిచ్చిన ఇల్లు, ఎన్ని వానలు చూసింది" అంటుంది. ఆ డిసెంబరు తర్వాత మేస్త్రీని తీసుకెళ్లాను. ఆయన గోడలు చూడలేదు, నిచ్చెన వేసుకుని నేరుగా దూలం కొన దగ్గరికి ఎక్కాడు. వేళ్లతో మట్టి రాల్చి, కొన మీద చెయ్యి పెట్టి చూపించాడు. గోడలో దూరి ఉన్నది నాలుగు వేళ్ల మందం. అదీ చెద తిన్నది. గోడ ఇంకాస్త బయటికి ఒరిగితే దూలం జారి, దాని మీది పెంకులన్నీ కింద ఉన్న మంచం మీదికే. ఆ మంచం మీదే నాయినమ్మ పడుకుంటుంది.

మేము చేసింది పెద్ద ఖర్చు కాదు. ప్రతి దూలం కొన కింద గోడకు ఆనించి ఒక గుంజ నిలబెట్టి, దూలాన్నీ గుంజనూ ఇనుప పట్టీతో బిగించాం. రెండు గోడలు కలిసే మూలల్లో పాత మట్టి గీకి, ఇనుప జాలీ కొట్టి, పైన సిమెంటు పూయించాం. వదులైన పెంకులు తీసేశాం. మంచం దూలం కింది నుంచి తలుపు వైపుకి జరిపాం. ఈ చివరిదానికి ఒక్క రూపాయి కాలేదు, కానీ నాయినమ్మను ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది.

పగుళ్లు చూసేటప్పుడు అన్నిటికీ టెన్షన్ పడక్కర్లేదు. పూత మీద వెంట్రుకంత సన్నని గీతలు మామూలే. గోడ మూలలో పైనుంచి కిందికి రెండు గోడలూ విడిపోతున్నట్టు ఉండే నెర్రె, కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగే పగులు, మధ్యలో ఉబ్బిన గోడ, రూపాయి బిళ్ల దూరే సందు: ఇవి ఆలస్యం చేయకూడనివి. వాటిమీద సున్నం పూసి మూసేయకండి, కనబడకుండా పోయినంత మాత్రాన ప్రమాదం పోదు. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాయండి. ఒక్కో ప్రకంపన తర్వాత చూడండి. గీత దాటి పగులు పాకిందంటే ఆ గదిలో పడుకోవడం ఆపి, ఇంజనీరును పిలవాలి. చిన్నవి రోజూ వచ్చేచోట గోడ ఒక్క దెబ్బకు కాదు, ఇలా కొంచెం కొంచెంగా వదులవుతుంది.

స్లాబు ఇల్లయినా, అపార్ట్‌మెంటయినా సంబరపడొద్దు. కింద అంతా పార్కింగ్ కోసం వదిలేసి, సన్నని పిల్లర్ల మీద పై అంతస్తులు నిలబెట్టిన కట్టడాలు 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో ఎలా కుప్పకూలాయో చూశాం. వరంగల్‌లో కొత్తగా లేచేవాటిలో ఇలాంటివి తక్కువేమీ కాదు. ఫ్లాటు కొనేవాళ్లు టైల్స్ రంగు అడిగినంత శ్రద్ధగా, భూకంపం కోడ్ (భూకంపాన్ని తట్టుకునేలా కట్టే నిబంధనలు) ప్రకారం డిజైన్ చేశారా, ఆ కాగితాలు ఏవి అని అడగాలి. ఉన్న ఇంట్లో అయితే పిట్టగోడ మీది పూలకుండీలు దించండి. బీరువాలు గోడకు బిగించండి. సజ్జ మీద పెట్టిన ఇత్తడి బిందెలు, గంగాళాలు మంచానికి పైన ఉన్నాయేమో చూడండి. సిలిండర్ ఒరగకుండా గొలుసు వేయండి.

ఇంకొక్కటి, తాళాలు. దొంగల భయంతో మనం గ్రిల్లుకు తాళం వేసి, తాళంచెవి ఎక్కడో డ్రాయర్లో పెడతాం. గోడ కాస్త కదిలితే చౌకట్టు వంగి తలుపు బిగుసుకుపోతుంది. కరెంటు ఉండదు. వరుసగా వస్తున్న రోజుల్లో తాళంచెవి తలుపు పక్కన మేకుకే వేలాడాలి, ఇంట్లో పిల్లలకూ తెలియాలి. తలగడ పక్కన టార్చి, మంచం కింద చెప్పులు. పగిలిన గాజు మీద వట్టి కాళ్లతో నడిస్తే కోసుకుంటాయి.

కదిలిన ఆ క్షణంలో

2019 ఫిబ్రవరిలో పాల్ఘర్‌లో ఒక రెండేళ్ల పాప చనిపోయింది. మీద ఇల్లు కూలి కాదు, ప్రకంపనలకు భయపడి బయటికి పరుగెత్తుతూ పడి, రాయికి తల తగిలి. డిసెంబర్ 4న మా మెట్ల మీద ఏం కావాల్సిందో అది తలుచుకున్నప్పుడల్లా తెలుస్తుంది.

స్లాబు ఇంట్లో ఉంటే మెట్ల వైపు వెళ్లొద్దు, లిఫ్టు అసలే వద్దు. ఉన్నచోటే వంగి, గట్టి బల్ల కింద దూరి, దాని కాలు పట్టుకోండి. బల్ల లేకపోతే లోపలి గోడ పక్కన కూర్చుని చేతులతో తలా మెడా కప్పుకోండి. కిటికీకి, బీరువాకు దూరంగా. మంచం పట్టిన పెద్దవాళ్లను లేపి నడిపించాలని చూడకండి, తలమీద తలగడ పెట్టి పక్కనే ఉండండి. మట్టి గోడల పెంకుటింటికి మాత్రం లెక్క వేరు. తలుపు నాలుగడుగుల్లో ఉంటే బయటికి వచ్చేయడమే మేలు, వచ్చాక చూరు కింద నిలబడకుండా వాకిలి మధ్యకు. తలుపు దూరమైతే గట్టి చెక్క మంచం కింద దూరాలి. దీన్ని ఇంట్లో ఒక ఆదివారం నిజంగా చేసి చూడండి. మా అమ్మ, మా పాప ఇప్పుడు నాకంటే ముందే డైనింగ్ టేబుల్ కింద ఉంటారు.

జాతరలో, సంతలో ఉంటే కదలకుండా నిలబడటమే ప్రాణరక్ష. మేడారం గుంపులో ఒక్కరు "భూకంపం" అని అరిచి పరుగు తీస్తే, నేల చేయలేని పని ఆ తొక్కిసలాట చేస్తుంది.

రోజూ వస్తుంటే బయట పడుకోవాలనిపిస్తుంది. ఇల్లు బలహీనమైతే పడుకోవాల్సిందే. గోడ ఎంత ఎత్తో దానికి ఒకటిన్నర రెట్లు దూరంగా, కరెంటు తీగల కింద కాకుండా, పాత వ్యవసాయ బావి గట్టు దగ్గర అసలే కాకుండా పక్క వేసుకోండి. డిసెంబరు చలి మన వైపు ఎలా ఉంటుందో తెలుసు కదా, పసిపిల్లలకు, ఆయాసం ఉన్నవాళ్లకు అది ఇంకో ప్రమాదం. నేల మీద కాకుండా మంచాల మీద పడుకుంటే పాములు, తేళ్ల భయం కూడా తగ్గుతుంది. బీపీ, షుగర్ మందులు, ఆధార్, పట్టాదారు పాస్‌బుక్కు ఒకే సంచిలో ఉంచుకోండి.

సింగరేణి పక్క ఊళ్లవాళ్లు ఢాం అని వినబడితే బ్లాస్టింగే అనుకుంటారు. వేళ కాని వేళ వస్తే టైము రాసిపెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు చెప్పండి. జాతీయ భూకంప కేంద్రం వారి భూకంప్ యాప్‌లో తీవ్రత, కేంద్రం వివరాలు వస్తాయి. "ఈ రాత్రి రెండు గంటలకు పెద్దది" అని వాట్సాప్‌లో వస్తే డిలీట్ చేయండి, తేదీ, టైము చెప్పగలిగేవాళ్లు ప్రపంచంలో ఎక్కడా లేరు.

నేల ఆగాక, బయట ఉన్నవాళ్లు వెంటనే లోపలికి పోవద్దు, కాసేపు ఆగండి. గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్చి వేయకండి, వేసి ఉన్న స్విచ్చి ఆపకండి, లోపల ఫోన్ కూడా వాడకండి. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, అందరినీ బయటికి తెచ్చాక గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయండి. ఎవరికైనా దెబ్బ తగిలితే 112.